నేను కారెక్కను

తన్మయి ఆ మాట మొదటిసారి తాపా అనే ఊరి దగ్గర అంది.

మలేషియాలోని ఇపోలో పదిహేనేళ్లలోపు ఆడపిల్లల బ్యాడ్మింటన్ పోటీలో మొదటి రౌండ్‌లోనే ఓడిపోయి తిరిగి వస్తున్నారు. హైవే పక్కన బండ్లు ఆపుకుని ఏదన్నా తినే చోట తండ్రి ఉమామహేశ్వర రావు కారు ఆపాడు. బాత్రూంకి వెళ్లొస్తానన్న పిల్ల ఎంతసేపటికీ రాలేదు. తల్లి కస్తూరి వెతుక్కుంటూ వెళ్తే, పండ్ల దుకాణాల వెనక సిమెంటు గట్టు మీద మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది.

"నేను కారెక్కను," అంది. ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు.

కస్తూరికి కారణం అడగాల్సిన పని లేకపోయింది. ఇపోలో కారెక్కిన దగ్గర్నుంచి ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. సర్వీస్ ఎక్కడ పొట్టిగా పడింది, నెట్ దగ్గరికి ఎన్నిసార్లు ఆలస్యంగా వచ్చింది, ఎడమ మూలని ఎందుకు వదిలేసింది. పొద్దున వెళ్లేటప్పుడు ఎలా ఆడాలో చెప్పాడు, వచ్చేటప్పుడు ఎలా ఆడలేదో చెబుతున్నాడు. కోపంగా కాదు. ఆఫీసులో ప్రాజెక్టు చెడిపోయినప్పుడు కింద పనిచేసేవాళ్లకి చెప్పినట్టు, నెమ్మదిగా, ఒకదాని తర్వాత ఒకటి. ఆయన జీవితంలో ఎప్పుడూ రాకెట్ పట్టుకోలేదు. పిల్ల ఆడటం మొదలుపెట్టాక రోజూ వీడియోలు చూసి నేర్చుకున్నాడు. ఆమాత్రం శ్రద్ధ ఉన్న తండ్రి వాళ్లుండే సైబర్‌జయలో ఇంకొకడు లేడని అపార్ట్‌మెంట్‌లో అందరూ అంటారు.

"ఎక్కు తల్లీ, రోడ్డు మీద గొడవ వద్దు," అని ఆ రోజు కస్తూరి బతిమాలింది. తన్మయి ఎక్కింది. ఇంటికొచ్చాక రాకెట్ బ్యాగు తీసుకెళ్లి బట్టల అలమారా పైన, కుర్చీ వేసుకుంటే తప్ప అందని చోట పెట్టేసింది. నెలన్నర దాన్ని తాకలేదు.

మళ్లీ తనంతట తనే దించింది. ఉత్తరాన ఉన్న సుంగై పెటానిలో పోటీ ఉందని స్కూల్లో కోచ్ చెప్పాడట, పేరు ఇచ్చి వచ్చింది. ఉమామహేశ్వర రావు సంతోషం అంతా ఇంతా కాదు. అన్నం తింటూనే ఫోన్‌లో దారి చూశాడు.

"స్కూలు సెలవులు మొదలయ్యే శనివారం. రద్దీ ఉంటుంది. చీకటితోనే బయల్దేరాలి."

"నేను ఆడతాను నాన్నా. కారెక్కను."

ఆయన నవ్వాడు. "మరి ఎగిరి వెళ్తావా?"

"రైలుంది."

ఆయన రైలు సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. కారు మనది, మనకి కావాల్సినప్పుడు బయల్దేరొచ్చు, ఆకలేస్తే ఆగొచ్చు. రైలైతే ముందు మన స్టేషన్‌కి ట్యాక్సీ, అక్కణ్ణించి కౌలాలంపూర్‌లో కేఎల్ సెంట్రల్‌కి ఒక రైలు, అక్కడ ఇంకో రైలు, దిగాక హాలుకి మళ్లీ ట్యాక్సీ. రైలు ఆలస్యమైతే మన చేతిలో ఏమీ ఉండదు. కస్తూరి వింటూ కూర్చుంది. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

"అవన్నీ నిజమే," అంది తన్మయి. "కానీ కార్లో నువ్వుంటావు."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అయితే టోర్నమెంటే వద్దులే," అన్నాడు.

"ఎందుకొద్దు?" అంది కస్తూరి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నేను తీసుకెళ్తాను."

"నువ్వా? ఈ దేశం వచ్చి నాలుగేళ్లయింది. ఒక్కదానివి ఎక్కడికైనా వెళ్లావా?"

"వెళ్లలేదు. ఈ శనివారం వెళ్తాను."

"మలయ్‌లో రెండు ముక్కలు రావు నీకు."

"దానికి వచ్చుగా. స్కూల్లో చదువుతోంది."

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ, "సరే. మీరు రైల్లో రండి. నేను కార్లో వస్తాను. ఎవరు ముందు చేరతారో చూద్దాం," అన్నాడు. ఆ మాటకి తన్మయి మొహంలో చాలా రోజుల తర్వాత ఒక వెలుగు కనిపించింది. పోటీ అంటే దానికి ఇష్టం.

శనివారం పొద్దున కేఎల్ సెంట్రల్‌లో జనాన్ని చూసి కస్తూరి పిల్ల చెయ్యి పట్టుకుంది. పిల్ల భుజాన రాకెట్ బ్యాగు, తన చేతిలో పులిహోర డబ్బా, మంచినీళ్లు. ఏ గేటు, ఏ ప్లాట్‌ఫాం, ఏ పెట్టె, అన్నీ తన్మయే చదివి చెప్పింది. రైలు కదిలి ఊరి ఇళ్లు వెనక్కి పోయేవరకూ కస్తూరి టికెట్లు చేతిలోంచి వదల్లేదు. తన్మయి మాత్రం నాలుగు ముద్దలు పులిహోర తిని, కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. కార్లో ఆ పిల్ల నిద్రపోవడం కస్తూరి ఎప్పుడూ చూడలేదు.

నడవా అవతలి సీట్లో యాభై దాటిన ఒకావిడ ఇందాకట్నుంచి వీళ్లనే చూస్తోంది. మెళ్లో సన్నటి సిలువ గొలుసు, ఒళ్లో బహుమతి కాగితం చుట్టిన పెట్టె.

"తెలుగోల్లా మీరు?" అంది.

కస్తూరి తల ఊపింది. "గుంటూరు దగ్గర్నుంచి. సైబర్‌జయలో ఉంటాం."

"నాను ఆనీ. ఇక్కడే పుట్టినాను లా. మా తాతలు వచ్చినారు ఓడెక్కి. సుంగై పెటాని పక్కన రబ్బరు ఎస్టేట్ల పెరిగినాను. ఇప్పుడు క్లాంగ్‌ల ఉంటన్నాం. మా సెల్లి రేచల్ మనవడికి బాప్తీసం రేపు, అందుకే ఎల్తన్నాను." మాట చివర ఇక్కడివాళ్లు తగిలించే 'లా' ఆవిడ తెలుగులోనూ ఉంది. పిల్ల వైపు గడ్డం ఎత్తి చూపింది. "బ్యాడ్మింటనా?"

"అవునక్కా."

"ఇంట్ల కారు లేదేటి?"

ఉందని, భర్త అందులోనే వస్తున్నాడని చెప్పాల్సి వచ్చింది కస్తూరికి. చెబితే ఈవిడేమనుకుంటుందో అనుకుంది. ఆనీ పకపకా నవ్వింది.

"మా ఇంట్ల కూడా అదే కత. మా కొడుకు నథానియేల్ కార్ల తీసుకెల్తానని రోజూ సెప్పినాడు. నానొద్దన్నాను. కార్ల పాట ఆడిది, ఏసీ ఆడిది, ఆగే సోటు ఆడిది. నా కాల్లు పీకితే 'ఇంకో పది నిమిషాలమ్మా' అంటాడు. ఇక్కడైతే లేసి నడుస్తాను, కాపీ తాగుతాను, నీలాటోల్లతో మాటాడతాను. నన్నెవుడు అడుగుతాడు లా?"

కస్తూరి కూడా నవ్వింది. రైలు ఇపో దాటింది. కొండలు, ముదురు ఆకుపచ్చ పామాయిల్ తోటలు వెనక్కి పోతున్నాయి. తాయ్‌పింగ్ దాటాక రైలు నెమ్మదించి ఆగిపోయింది. స్టేషనేమీ లేదు. రెండు పక్కలా చెట్లు. మైకులో మలయ్‌లో ఏదో చెప్పారు.

"రేత్రి వానకి ముందర పట్టాల మీద సెట్టు పడిపోయిందంట. తీస్తన్నారంట," అని చెప్పింది ఆనీ.

కస్తూరి గడియారం చూసింది. ఇంకో నిమిషం గడవకముందే ఫోన్ మోగింది.

"చేరిపోయాను," అన్నాడు ఉమామహేశ్వర రావు. "రద్దీ అనుకున్నాను గానీ దారంతా ఖాళీ. మీరెక్కడ?"

చెప్పింది.

"చెప్పానా? పిలిచినప్పుడు పిల్ల కోర్టులో లేకపోతే ఆట ఎదుటి పిల్లకి ఇచ్చేస్తారు. సరే, దానికి ఫోన్ ఇవ్వు. ఎదుటి పిల్ల ఇక్కడ ప్రాక్టీస్ చేస్తోంది, ఎడమచేతి వాటం. ఎలా ఆడాలో ఇప్పుడే చెప్పేస్తాను."

"నిద్రపోతోంది."

"లేపు."

కస్తూరి కూతురి వైపు చూసింది. నోరు కొంచెం తెరుచుకుని, చెంప కిటికీ అద్దానికి నొక్కుకుని, అరచేతులు ఒళ్లో వదులుగా ఉన్నాయి.

"లేపను," అంది.

"కస్తూరీ, ఇది ఆటల విషయం కాదు..."

"ఆటల విషయమేనండీ. దాని ఆట. దిగాక మాట్లాడదాం."

పెట్టేసింది. వెంటనే మళ్లీ మోగింది. ఆ మోతకి పిల్ల కదిలింది. కస్తూరి ఫోన్ పూర్తిగా ఆపేసి సంచిలో అడుక్కి తోసింది. పెళ్లయిన పదహారేళ్లలో ఆయన ఫోన్ తీయకుండా ఉండటం ఎప్పుడూ జరగలేదు. ఇవాళ ఆలస్యమై పిల్ల ఆడకుండానే తిరిగి రావాల్సి వస్తే ఆ తప్పు ఇంట్లో ఎన్నేళ్లు తన పేరు మీద ఉంటుందో ఆమెకి తెలుసు. ఉండనీ అనుకుంది. రాకెట్ అలమారా మీదికి ఎక్కినప్పుడు ఎవరి పేరు మీదా ఏ తప్పూ లేదు. అందరూ మంచివాళ్లే. పిల్ల మాత్రం ఆడటం మానేసింది.

ఆనీ సంచిలోంచి కొబ్బరి కూరిన బియ్యప్పిండి తీపి ఒకటి తీసి కస్తూరి చేతిలో పెట్టింది. "తిను సెల్లీ. నువ్వు దిగులు పడితే సెట్టు లేస్తాదా?"

రైలు కదిలేసరికి చాలాసేపయింది. తన్మయి లేచి, సంగతి విని, బూట్ల లేసులు అక్కడే బిగించి కట్టుకుంది. రైలు ఒక పెద్ద చెరువు మధ్య నుంచి వెళ్తుంటే రెండు పక్కలా నీళ్లు చూసి, "అమ్మా, హైవే మీంచి ఇది కనిపించదు," అంది. ఆట సంగతి ఎత్తలేదు. కస్తూరి కూడా ఎత్తలేదు.

సుంగై పెటానిలో దిగాక ఆనీ వాళ్లతోనే ట్యాక్సీ ఎక్కేసింది. "సెల్లి ఇంటికి పొద్దుగూకేలోపు ఎల్తే సాలు. ఈ బిడ్డ ఆట సూడకుండా ఎలగెల్తాను?" అంది. దారి పొడుగునా డ్రైవర్ని మలయ్‌లో తొందరపెట్టింది.

హాలు మెట్ల మీద ఉమామహేశ్వర రావు నిలబడి ఉన్నాడు. వీళ్లని చూడగానే ముంజేతి గడియారం వేలితో కొట్టి చూపించాడు. "రెండుసార్లు పిలిచారు. మూడోసారి పిలిస్తే అంతే. చూశావుగా, కారు ఎంత ముందు చేరిందో? తన్మయీ, విను, ఆ పిల్ల..."

తన్మయి ఆయన పక్కనుంచి పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

మొదటి ఆటలో ఎదుటి పిల్ల ఎడమచేతి వాటమని దానికి అయిదారు పాయింట్లు పోయాక తెలిసినట్టుంది. ఒక్క క్షణం ఆగి రాకెట్ తీగలు సర్దుకుంటూ ఎదుటి పిల్లని చూసింది. తర్వాత షటిల్ రెండో పక్కకి పంపడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. గెలిచింది. పై వరసలో ఆనీ లేచి నిలబడి, "అలగే కొట్టు బిడ్డా! అలగే!" అని హాలంతా వినపడేలా అరిచింది.

"ఎవరావిడ?" అన్నాడు ఉమామహేశ్వర రావు.

"మాతో రైల్లో వచ్చింది," అంది కస్తూరి.

రెండో ఆట కష్టమైంది. ఎదుటి పిల్ల పొడగరి, పెనాంగ్ నుంచి వచ్చింది. మొదటి గేమ్ ఆ పిల్లది, రెండోది తన్మయిది. మూడో గేమ్‌లో ఉమామహేశ్వర రావు కూర్చోలేకపోయాడు. మెట్లు దిగి, కోర్టు వెనక అడ్డుగా పెట్టిన బోర్డుల దాకా వెళ్లాడు.

"వెనక్కి! వెనక్కి వెళ్లు! బ్యాక్‌హ్యాండ్ వైపు చూసుకో!"

తన్మయి ఒక పాయింట్ పోగొట్టుకుంది. ఇంకోటి. "చెప్తున్నానా, ఎడమ మూల!" అని మళ్లీ అరిచాడు.

సర్వీస్ అందుకోవాల్సిన తన్మయి రాకెట్ దించి ఆగింది. అంపైర్ కుర్చీలోని అమ్మాయికి చెయ్యెత్తి ఏదో చెప్పి, బోర్డుల దగ్గరికి నడిచి వచ్చింది. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుని ఉంది.

"నాన్నా, పైకెళ్లి కూర్చో."

"నేను నీ మంచికే..."

"నువ్విక్కడుంటే నేను ఆడను. రాకెట్ కింద పెట్టేస్తాను."

పక్క కోర్టుల వాళ్లు కూడా ఇటే చూస్తున్నారు. భాష తెలియకపోయినా సంగతి అందరికీ తెలుస్తోంది. ఉమామహేశ్వర రావు మొహం ఎర్రబడింది. పైన కూర్చున్న భార్య వైపు చూశాడు, పిల్లకి సర్దిచెప్పమన్నట్టు. ఎప్పుడూ చెప్పేది ఆవిడే. కస్తూరి లేచి నిలబడింది. తన పక్క సీటు మీది సంచి తీసి కింద పెట్టి, ఆ ఖాళీ సీటు చేత్తో చూపించింది. ఇంకేమీ చేయలేదు.

ఆయన మెట్లెక్కి వచ్చి కూర్చున్నాడు. ఆనీ ఆయన వైపు వంగి, "సూడండి అన్నా, బాగా ఆడతంది," అంది, ఏమీ జరగనట్టు.

తన్మయి ఆడింది. ఎడమ మూలకి వచ్చిన ప్రతి షటిల్‌నీ పరిగెత్తి అందుకుంది, కొన్నిటిని మోకాళ్ల మీద పడి అందుకుంది. వెనకపడ్డ పాయింట్లు దాదాపు అన్నీ తిరిగి లాక్కుంది. చివరి పాయింట్‌కి షటిల్ నెట్‌కి తగిలి ఇవతలే పడింది. ఓడిపోయింది. ఎదుటి పిల్లకి చెయ్యిచ్చి, అంపైర్‌కి చెయ్యిచ్చి, తల దించుకోకుండా బయటికి నడిచింది.

ఆనీ పిల్ల చెంపలు రెండూ పట్టుకుని ముద్దు పెట్టుకుని, రేచల్ ఇంటికి వెళ్లిపోయింది.

బయట వాన మొదలైంది. ఉమామహేశ్వర రావు కారుని మెట్ల దాకా తెచ్చి, వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఏసీ చల్లగా తగులుతోంది. స్టేషన్‌కి మళ్లీ ట్యాక్సీ పిలవాలి, అది ఎప్పుడొస్తుందో. కస్తూరికి నడుము లాగేస్తోంది. ఎక్కి కూర్చుంటే ఇంటి దగ్గరే దిగొచ్చు.

"ఇప్పుడైనా ఎక్కండి," అన్నాడు ఆయన. "పొద్దున పంతం నెగ్గించుకున్నారుగా. ఆ నెట్ షాట్ ఒక్కటీ కాస్త ముందు..."

అక్కడ తనని తానే ఆపుకున్నాడు. కానీ మాట బయటికి వచ్చేసింది. తన్మయి తల్లి వైపు చూసింది. తాపాలో సిమెంటు గట్టు మీంచి చూసిన చూపే అది. అప్పుడు కస్తూరి ఎక్కమంది.

"మేం రైల్లో వస్తామండీ," అంది కస్తూరి.

"వానలో? కారు ఎదురుగా పెట్టుకుని? నీకేమైనా పిచ్చా?"

"కారే ముందొచ్చింది, ఒప్పుకుంటాను. కారే సుఖం, అదీ ఒప్పుకుంటాను. కానీ ఓడిపోయిన పిల్లని ఇన్ని గంటలు పక్కన కట్టేసి కూర్చోబెట్టి దాని తప్పులు చదవడానికి నేను ఒప్పుకోను. ఇవాళ కాదు, ఇంకెప్పుడూ కాదు."

"నేను దాని కోసమే కదా ఇంత దూరం..."

"తెలుసు. దానికీ తెలుసు. అందుకే ఇన్నాళ్లూ నోరు మూసుకుని ఎక్కింది."

ఆయన తెరిచిన తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చొక్కా భుజాలు తడిసిపోయాయి. కాసేపటికి తలుపు మెల్లగా మూసి, వెళ్లి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. కారు గేటు దాటి వెళ్లింది. తల్లీకూతుళ్లు మెట్ల మీద ట్యాక్సీ కోసం నిలబడ్డారు, వాన జల్లు కాళ్ల మీద పడుతుంటే. తన్మయి తల్లి చేతిలోంచి పులిహోర డబ్బా తీసుకుని మిగిలింది అక్కడే తినేసింది.

తిరుగు రైల్లో సీట్లలో కూర్చున్నాక పిల్ల కాసేపు ఏడ్చింది. కస్తూరి ఏడవనిచ్చింది. వీపు నిమరలేదు, ఊరుకోమనలేదు. ఏడుపయ్యాక తన్మయి లేచి పెట్టెలన్నీ దాటుకుంటూ నడిచి వెళ్లి రెండు కప్పుల వేడి చాక్లెట్ పానీయం, మైలో తెచ్చింది.

కస్తూరి ఫోన్ మళ్లీ ఆన్ చేయగానే ఆయన మెసేజ్ వచ్చి ఉంది. దారిలో ఎక్కడో ఆగి పంపినట్టుంది. "కేఎల్ సెంట్రల్‌కి వచ్చి తీసుకెళ్లనా?"

కస్తూరి ఫోన్ కూతురికి చూపించింది. తన్మయి మెసేజ్ రెండుసార్లు చదివింది.

"రమ్మను. కానీ ఆట గురించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. నేనుగా అడిగేదాకా."

కస్తూరి అక్షరం మార్చకుండా అదే పంపింది. జవాబు వెంటనే రాలేదు. రైలు రెండు స్టేషన్లు దాటాక వచ్చింది. "సరే. తినడానికి ఏమైనా తేవాలా?"

తన్మయి అది చదివి మైలో కప్పు కింద పెట్టింది. కాళ్లు సీటు మీదికి మడుచుకుని తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, చివరి పాయింట్ ఉంది చూడు. అది తప్పు షాట్ కాదు. నెట్ మీంచి సన్నగా జారిపోవాలని కావాలనే కొట్టాను. అది అవతల పడుంటే ఆ పొడుగు పిల్ల అందుకోలేకపోయేది."

కస్తూరికి నెట్ షాట్ అంటే ఏమిటో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. "మరి మళ్లీ అలాంటిదొస్తే?" అని అడిగింది.

"మళ్లీ అదే కొడతాను," అంది తన్మయి. గాల్లో చెయ్యి తిప్పి ఎలా కొట్టాలో చూపించింది, ఇంకోసారి చూపించింది. మొదటి గేమ్ మొదటి పాయింట్ నుంచి చెప్పడం మొదలుపెట్టింది.